పొట్టేలు మోతాదు

“నా మొగుణ్ణి పొడిచి చంపింది చాలక, ఇప్పుడు లాయరు కాడికి గూడా పోయొస్తివా?”

“నోరు జాగ్రత్తక్కా. పొడిచినానని ఎవురు చెప్పినారు నీకు? ఇచ్చినాను. బావ అడిగితే ఇచ్చినాను. ఇచ్చేది వేరు, పొడిచేది వేరు.”

“మందు నీది, సూది నీది, దొడ్డి నీది. ఇంక నా మొగుడిదేముండాదిరా దాంట్లో?”

“నొప్పి ఆయనిది. చెయ్యి ఆయనిది. కత్తులమ్మే అంగడోణ్ణి జైల్లో యేస్తారా యాడన్నా?”

“అంగడోడు కత్తి అమ్మతాడు. మెడ యాడుందో చూపించడు. ఎంత ఎక్కియ్యాలో చెప్పింది నువ్వు గదరా, సచ్చినోడా!”

“సచ్చినోడు ఆయన. నేను బతికే ఉండా. బతకాల గూడా.”

ఆ మాట నా కొడుకు నోట్లోంచి పూర్తిగా రాకముందే నా కూతురు రోలు పక్కనున్న రోకలి అందుకుంది. తలకే గురిపెట్టింది. వాడు పక్కకు తప్పుకోబట్టి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. వాడు కేకపెట్టి, బాగున్న చేత్తో దాని జుట్టు పట్టుకుని ఈడ్చి, మొహాన్ని నీళ్లతొట్టి అంచుకేసి కొట్టాడు. అప్పుడే మేతనుంచి తిరిగొచ్చి నీళ్లు తాగుతున్న జీవాలు బెదిరి, ఒకదాని మీదొకటి ఎక్కి దొడ్డి వలమీద పడ్డాయి. తొట్టిలో నీళ్లు ఎర్రబడ్డాయి. నా కూతురి ముందు పన్ను ఒకటి ఊడి నేలమీద పడింది.

కొమ్మలు కోసే దోటికర్ర నా చేతికి అందింది. ఇద్దర్నీ కొట్టాను. ఎవరికి ఎన్ని దెబ్బలు తగిలాయో చూసుకోలేదు. కర్ర విరిగేదాకా కొట్టాను.

“అవ్వా, అమ్మను కొట్టబాకవ్వా!” అని నా మనవరాలు గుమ్మంలోంచి అరుస్తోంది. తొమ్మిదేళ్ల పిల్ల. తండ్రి పోయి రెండు నెలలయింది దానికి.

మర్నాడు పొద్దున్నే నేను ఆత్మకూరు కోర్టుకు పోవాలి. అల్లుడికి ఆ సూది వేసిన చెయ్యి ఎవరిదో జడ్జిగారి ముందు చెప్పాలి. చూసినదాన్ని నేనొక్కదాన్నే. ఇద్దరి కొట్లాటా అందుకే.

ఇది ఎట్లా మొదలైందో చెప్పాలి. మొదలు నాతోనే ఉంది కాబట్టి దాచడానికి లేదు.

మాది ఉదయగిరి కొండ కింద చిన్న పల్లె. గొర్రెలు, పొట్టేళ్లు, ఈ జీవాలమీద బతికే ఇల్లు. నేను చదివింది మూడో తరగతి. పెళ్లయిన నాటినుంచి మందతోటే ఉన్నాను. మా ఇంట్లో ఏదీ పారేయను. చిరిగిన గోతాం దొడ్డికి కప్పవుతుంది, పాత చీర పగ్గమవుతుంది. మందులూ అంతే. గొర్రె గిట్టల పుండుకు తెచ్చిన మలాం నా కాలి పగుళ్లకు రాసుకున్నాను, తగ్గింది. పొట్టేలు కాలు బెణికితే రుద్దే నూనె నా మోకాలికి రుద్దుకున్నాను, తగ్గింది. జీవానికి పనిచేసింది మనిషికి పనిచేయదా అనేదాన్ని. డాక్టరు దగ్గరికి పొయ్యేవాళ్లని చూసి నవ్వేదాన్ని.

నా కొడుకు పదో తరగతి తప్పి, పశువుల కాంపౌండరు వెంట తిరిగి సూదులు వేయడం నేర్చుకున్నాడు. చెయ్యి చాలా మంచిది. చుట్టుపక్కల మందల వాళ్లు వాణ్ణే పిలిచేవాళ్లు. పొట్టేలు కొమ్ము విరిగితే, పుండు కొయ్యాల్సి వస్తే, అది కదలకుండా పడుకోవడానికి మత్తుసూది ఒకటి ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా దాన్ని ఇవ్వకూడదట. కాంపౌండరు పేరు చెప్పి వీడు తెచ్చి, రేకుపెట్టెలో పెట్టుకునేవాడు.

జీవానికి మందు బరువును బట్టి ఎక్కించాలి. మాకు కాటాలు ఎక్కడివి? పొట్టేలు పొట్టకింద రెండు చేతులూ వేసి ఎత్తి, ఇంత ఉందని చెప్తాం. బేరగాళ్లు వచ్చినా ఇట్లాగే ఎత్తి చూస్తారు. నా కొడుకు ఎత్తి చెప్పాడంటే కిలో అటూ ఇటూ పోదు. దాని గురించి వాడికి పొగరు. నాకు వాడికంటే ఎక్కువ పొగరు.

నా అల్లుడు వింజమూరు దగ్గరి పల్లెవాడు. బోర్లు వేసే లారీమీద పనిచేసేవాడు. ఇనుప గొట్టం జారి నడుం మీద పడింది. అప్పటినుంచి వంగలేడు, కూర్చోలేడు. మొదట మాత్రలు మింగాడు. తర్వాత అవి లేకుండా పడుకోలేకపోయాడు. తర్వాత నొప్పి లేకపోయినా మింగాడు. అంగళ్లవాళ్లు చీటీ లేనిదే ఇవ్వమన్నారు. మా ఇంటికొచ్చి దొడ్డి గోడకు ఆనుకుని, చెమటలు కారుస్తూ పళ్లు కొరుక్కునేవాడు.

నా కూతురు వాణ్ణి నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతానంది. అప్పుడు నేనన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది.

“నెల్లూరెందుకు మే, ఛార్జీలు దండగ. నీ తమ్ముడి కాడ సూదుండాది గదా. పొట్టేలు అంత గింజుకునేదే పడుకుంటాది. ఈయన పడుకోడా?”

అట్లా నేనే పంపాను. ఆ తర్వాత నాలుగు నెలలు అల్లుడు వారానికోసారి, పోనుపోను రెండుసార్లు వచ్చేవాడు. నా కొడుకు కొంచెం కొంచెం ఎక్కించేవాడు. నొప్పి పోయి, మనిషి మెత్తబడి నవ్వుతూ వెళ్లేవాడు. మేలు చేస్తున్నామనే అనుకున్నాను. తర్వాత తెలిసింది, దుత్తలూరు క్రాసురోడ్డు దగ్గర ఇంకో ఇద్దరికి కూడా నా కొడుకు ఇదే మందు అమ్ముతున్నాడని. వాళ్లకు ఏ నొప్పీ లేదు.

ఆరోజు పగలు పదకొండు గంటలప్పుడు. నేను దొడ్డిలో పెంటికలు ఊడుస్తున్నాను. కూతురు వాళ్ల ఊళ్లోనే ఉంది. అల్లుడు ఒక్కడే వచ్చాడు. వచ్చేటప్పటికే చేతులు వణుకుతున్నాయి.

“బామ్మర్దీ, పోయిన తూరి యేసింది పట్టలేదురా. ఈతూరి గట్టిగా యెయ్యి.”

“గట్టిగా అంటే ఎంత బావా? నీ బరువెంతో నాకేం తెలుసు?”

“ఎత్తి చూసుకో మరి. పొట్టేళ్లని ఎత్తతావు గదా.”

వాడు నిజంగానే ఎత్తాడు. బావ నడుముకింద చేతులు వేసి, నేలమీంచి జానెడు లేపి, దించాడు.

“రెండు పొట్టేళ్లు, పైన ఒక పిల్ల” అన్నాడు.

అల్లుడు నవ్వాడు. నేనూ నవ్వాను. చీపురు పట్టుకుని గోడకు ఆనుకుని, కళ్లెమ్మట నీళ్లొచ్చేలా నవ్వాను. వాడు రెండు పొట్టేళ్ల మందు, పైన ఒక పిల్లది, సూదిలోకి లాగాడు. అల్లుడు మోచెయ్యి పైన తువ్వాలు బిగించుకుని, సూది తీసుకుని రెండుసార్లు గుచ్చుకున్నాడు. చెయ్యి వణికి నరం దొరకలేదు. నెత్తురు కారింది.

“నావల్ల కాలా. నువ్వే యెయ్ రా.”

నా కొడుకు బావ చేతిని తన మోకాలిమీద పెట్టుకుని, ఒక్క పోటులో నరం పట్టి, చివరిదాకా వత్తాడు. పొట్టేలుకు వేసినంత తేలిగ్గా.

అల్లుడు పదడుగులు నడిచాడు. మేత కట్టలమీద వెల్లకిలా పడ్డాడు. నిద్రపట్టిందనుకుని మళ్లీ ఊడ్చుకోవడం మొదలుపెట్టాను. కొంతసేపటికి గురక లాంటి చప్పుడు వచ్చింది. గొంతు కోసిన జీవానికి వచ్చే చప్పుడు అది. పెదాలు నేరేడుపండు రంగు తిరిగాయి. నా కొడుకు చెంపలు వాయించాడు, రొమ్ము మీద గుద్దాడు, తొట్టిలో నీళ్లు బిందెతో కుమ్మరించాడు. “లెయ్ బావా! లెయ్ బావా!” అని అరుస్తూ, పక్కటెముకలు విరిగేలా గుద్దాడు. ఆటోలో ఉదయగిరి ఆసుపత్రికి చేరేటప్పటికి మనిషి లేడు.

మట్టిచేసిన మర్నాడు అల్లుడి అన్నదమ్ములు ముగ్గురు వచ్చారు. మేతకు తోలబోతున్న వేళ. నా కొడుకు దొరకలేదు, వెనకవైపునుంచి కొండకు పరుగెత్తాడు. వాళ్ల కోపం జీవాలమీద పడింది. వల కోసి లోపలికి వచ్చి, కొడవళ్లతో దొరికినదాన్ని దొరికినట్టు నరికారు. చూలు గొర్రెలు నాలుగు. ఒకదాని పొట్ట తెగి, లోపలి పిల్ల కాళ్లు ఆడిస్తూ నేలమీద పడింది. నేను అడ్డం పోతే పెద్దవాడు నన్ను రొమ్ముమీద తన్నాడు.

“ముసిల్దానా, నీ కొడుక్కి గూడా ఇదే!” అన్నాడు.

“ఆ మూగజీవాలేం జేసినాయిరా మీకు?” అన్నాను.

“మా వోడేం జేసినాడు మీకు?” అన్నాడు.

నలభైరోజులు గడిచాక, వాళ్లే నా కూతుర్నీ పిల్లనీ తెచ్చి, మా గుమ్మం ముందు ఒక సంచితో దించి పోయారు. నీ తమ్ముడు చంపిన ఇంట్లోనే ఉండమన్నారు. అట్లా అక్కాతమ్ముళ్లు ఒకే వాకిట్లో, ఒకే కుండలో తింటూ, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉన్నారు.

ఆ మధ్యలో పోలీసులు నా కొడుకును రెండుసార్లు పిలిపించారు. రెండోసారి తిరిగొచ్చినప్పుడు అరికాళ్లు కమిలిపోయి, గోడ పట్టుకుని నడిచాడు. అయినా వాడు ఒకే మాట చెప్పాడట: మందు నాదే, బావే తీసుకుని బావే పొడుచుకున్నాడు. ఆ తర్వాత పెద్ద ల్యాబునుంచి కాగితం వచ్చింది. రక్తంలో ఉన్నది పశువుల మందని అందులో ఉంది. ఇన్‌స్పెక్టరు మా ఇంటికొచ్చి నన్ను అడిగాడు. నాకేం గుర్తులేదన్నాను. ఆయన నా మొహం చూసి, “అవ్వా, నాకు చెప్పొద్దులే. కోర్టులో జడ్జి ముందు చెప్దువుగాని” అని తేదీ ఇచ్చి పోయాడు.

తేదీకి ముందురోజు నా కొడుకు నన్ను ఆత్మకూరులో లాయరు దగ్గరికి తీసుకుపోయాడు. బస్టాండు ఎదురుగా మేడమీద గది. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నిదానంగా చెప్పాడు.

“చూడమ్మా. చీటీ లేని మందు దగ్గర పెట్టుకున్నాడు, ఇచ్చాడు. అది తప్పే. కేసు ఉంటుంది, కొట్లాడతాను. కానీ పెద్దమనిషి, తెలివున్నవాడు, తన చేత్తో తను పొడుచుకున్నాడంటే, చావు మొత్తం ఇచ్చినవాడి మెడకు చుట్టడం అంత సులువు కాదు. అదే నీ కొడుకు చెయ్యే వత్తిందంటే సెక్షన్ మారుతుంది. ఏళ్లు మారతాయి. ఇక ఎంత ఎక్కించాలో కూడా వీడే కొలిచాడంటే, నేను చేసేది ఏమీ మిగలదు.”

“ఇచ్చేదానికీ పొడిచేదానికీ అంత తేడా ఉండాదా సామీ?” అన్నాను.

“చట్టంలో ఉంది.”

“చచ్చినోడికి ఏం తేడా?”

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. “నువ్వేం చూశావో నాకు చెప్పొద్దు. ఇంటికిపోయి ఆలోచించుకో” అన్నాడు.

తిరుగు బస్సులో నా కొడుకు కిటికీ వైపు చూస్తూ, “గుర్తులేదను చాలు. పెద్దదానివి, ఎవురూ ఏమీ అనరు” అన్నాడు. మేం ఉదయగిరిలో దిగి నడిచొచ్చేలోపే, ఆత్మకూరులో లాయరు మేడ ఎక్కుతుంటే మమ్మల్ని చూసిన పాలవాడొకడు బండిమీద వచ్చి నా కూతురికి చెప్పేశాడు. మేం ఇల్లు చేరేటప్పటికి అది వాకిట్లో నిలబడి ఉంది.

నేను మొదట చెప్పిన కొట్లాట అప్పటిది.

కర్ర విరిగాక ముగ్గురం రొప్పుతూ నిలబడ్డాం. నా కూతురు నోట్లో నెత్తురు ఉమ్మి, నావైపు తిరిగింది.

“అమ్మా, నువ్వు ఆడే ఉండావు గదా. వచ్చిన కాణ్ణుంచి అడగతా ఉండా. ఎవురు పొడిచింది?”

నేను వంగి విరిగిన కర్ర ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

“చెప్పమ్మా” అన్నాడు నా కొడుకు. “ఆయనే పొడుచుకున్నాడని చెప్పు దానికి.”

వాడు వచ్చి బాగున్న చేత్తో నా భుజం పట్టి ఊపాడు. నా తల గోడకు తగిలింది.

“చెప్పమంటే! నీ నోరు పడిపోయిందా? నన్ను జైల్లో కుళ్లబెట్టాలని ఉండాదా నీకు?”

“అమ్మను యిడువు రా!” అని కూతురు మీదికొచ్చింది. వాడు దాన్ని పొట్టలో తన్నాడు. అది మోకాళ్లమీద కూలబడి, అక్కడినుంచే వాడి కాలు పట్టుకుని కొరికింది. వాడు ఆ నొప్పికో, దేనికో, ఆకాశం అదిరేటట్టు అరిచాడు.

“ఆయన చెయ్యి వణకతా ఉండిందే! నరం దొరకలా! నువ్వే యెయ్ రా అన్నాడు! అడిగితే యేసినా! పాపమని యేసినా!”

ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. జీవాలు మళ్లీ తొట్టి దగ్గరికొచ్చి ఆ నీళ్లే తాగాయి. నా కొడుకు తను ఏమన్నాడో అప్పుడు తెలుసుకున్నట్టు, నేలమీద కూర్చుని విరిగిన భుజం పట్టుకున్నాడు.

“ఎంత యేసినావు?” అంది నా కూతురు. గొంతులో కోపం లేదు. దానికి తెలియాలి, అంతే.

నేనే చెప్పాను. ఎత్తి చూడడం, రెండు పొట్టేళ్లు, పైన ఒక పిల్ల. నేను నవ్వడం కూడా చెప్పాను. అది లేచి, ఊడిన పన్ను వెతికి తీసి, కొంగులో ముడేసుకుంది.

“రేపు నువ్వేం చెప్పినా, ఈ మాట నేను మర్సిపోను” అంది.

“అమ్మా” అన్నాడు నా కొడుకు. “నాకు ముప్పై యేండ్లు గూడా లేవు.”

“నీ బావకు ముప్పై మూడు” అన్నాను. “లేచి భుజానికి కట్టు కట్టించుకో. కాంపౌండరు కాడికి గాదు. ఆసుపత్రికి పో.”

తెల్లారి మొదటి బస్సుకు నేనూ, నా కూతురూ ఆత్మకూరు పోయాం. దాని పెదవి వాచి, మాట సరిగ్గా రావడం లేదు. కోర్టులో ఒక చిన్న గదిలో నన్నొక్కదాన్నే కూర్చోబెట్టారు. జడ్జిగారు నా కూతురి వయసు ఆడమనిషి. ఎవరైనా బెదిరించి తీసుకొచ్చారా అని అడిగింది. లేదన్నాను. చెప్పకపోయినా పర్వాలేదు, తెలుసా అంది. తెలుసన్నాను. చూసింది చూసినట్టు చెప్పాను. ఇచ్చింది నా కొడుకు, కొలిచింది నా కొడుకు, అల్లుడు అడిగితే సూది వత్తింది నా కొడుకు. చంపాలని కాదు. చెప్పడం అయ్యాక, అల్లుణ్ణి వాడి దగ్గరికి పంపింది నేనని కూడా చెప్పాను.

“అది మిమ్మల్ని నేను అడగలేదు” అందావిడ.

“రాసుకోమ్మా” అన్నాను.

రాసింది. చదివి వినిపించింది. ఒకచోట ‘మత్తుమందు’ అని ఉంటే ‘జీవాల మందు’ అని మార్పించాను. అక్షరం అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టాను.

మేం బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. పోలీసు జీపులో నా కొడుకును తెచ్చారు. ల్యాబు కాగితం చూపించి పొద్దున ఉదయగిరి ఆసుపత్రిలోనే పట్టుకున్నారట, భుజానికి కొత్త కట్టు ఉంది. వాడు నావైపు చూడలేదు. నా కూతురు వాడివైపు చూసింది. వాణ్ణి లోపలికి తీసుకుపోయారు.